బాల్కనీలో పుట్ట

మస్కట్‌లో మేముండే భవనంలో తెలుగువాళ్లం ఏడెనిమిది కుటుంబాలం. నాగుల చవితి వస్తే అందరం రెండో అంతస్తులోని టెక్కలి ఆవిడ ఇంటికే పోవాలి. పుట్ట ఉండేది ఆవిడ బాల్కనీలోనే మరి. పూలకుండీల మట్టిలో బంకమట్టి కలిపి మోకాలెత్తున కడుతుంది. అప్పడాల కర్రతో బొరియలు పొడుస్తుంది. పసుపు, కుంకుమ, బంతిపూలు పెట్టి దీపం వెలిగించాక, ఒప్పుకోక తప్పదు, బాగానే ఉంటుంది.

నాకు మాత్రం చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. నేను పుట్టింది వజ్రపుకొత్తూరు పక్కన. మా జీడితోటలో నాకంటే ఎత్తయిన పుట్టలున్నాయి. చవితినాడు ఇంటిల్లిపాదీ తోటకి వెళ్లి, పుట్టలో పాలు పోసి, కోడిగుడ్డు జారవిడిచి, ఆ చెట్ల కిందే చిమ్మిలి, చలిమిడి తినేవాళ్లం. ఆవిడ టెక్కలి బజారులో మేడ మీద పెరిగిన మనిషి. అలాంటి ఆవిడా నాకు పుట్ట సంగతి చెప్పేది?

పైగా మా ఎనిమిదేళ్ల పిల్ల, చవితి వారం ఉందనగానే స్కూలు సంచి పడేసి అక్కడికే పరుగు. మట్టి పిసకడం, 'మా పుట్ట' అని మురిసిపోవడం. మా తోట గురించి నేనెంత ఊరించి చెప్పినా సగంలో లేచిపోయేది. పొరుగింటి పుల్లకూర రుచి అని నవ్వేద్దామంటే నవ్వు రాదు. రేపు పెద్దయ్యాక నా కూతురికి పండగంటే నేను కాదు, ఆవిడే గుర్తొస్తుందని నా భయం. కళ్లల్లో నిప్పులు పోసుకున్నానంటే, పోసుకున్నాను.

ఒక చవితికి పంతం పట్టి, ఆ బాల్కనీలోనే అందరి ముందూ మా అమ్మకి వీడియో కాల్ చేశాను. అసలు పుట్టంటే ఏమిటో చూస్తారు కదా అని. తోటలో తమ్ముడు ఫోను పట్టుకుని పుట్ట చుట్టూ తిప్పాడు. మా పిల్ల ఒక్క చూపు చూసింది.

"అమ్మమ్మా, మీ పుట్ట వంకరగా ఉంది. మా పుట్ట చూడు!" అని ఫోను లాక్కుని అటు తిప్పేసింది.

మా అమ్మ పకపకా నవ్వింది. "ఓలమ్మో, ఎంత బాగుందే! ఎవులు సేసినారు? ఆ అమ్మిని ఓపాలి సూపించు."

టెక్కలి ఆవిడ మట్టి చేతులతోనే వచ్చి నిలబడింది.

"దేశం కాని దేశంలో మా మనవరాలు గుంటకి పండగ సేసి పెడతన్నావు. నువ్వూ నాకు కూతురు నాంటిదానివేనమ్మా. నీకేటి కావాలో సెప్పు, అంపుతాను" అంది మా అమ్మ.

ఇన్నేళ్లలో ఆ మాట నన్నెప్పుడైనా అడిగిందా? తనకి తోచింది డబ్బాల్లో కుక్కి పంపేయడమే.

"ఏటీ వద్దు పిన్నీ. సిటికెడు పుట్టమన్ను అంపించండి సాలు. పాలు పోసాక సెవులకి పెట్టుకోడానికి మాకిక్కడ పూలకుండీ మట్టే దిక్కు" అంది ఆవిడ.

అడిగి అడిగి అదే అడగాలా! ఆ తోటలో పుట్టి పెరిగిన నాకు ఇన్నాళ్లూ తట్టనే లేదు.

మరుసటి ఏడు చవితికి ముందు, మా ఊరి మనిషి ఒకాయన సెలవు నుంచి తిరిగొస్తూ అమ్మ పంపిన పార్సిల్ తెచ్చాడు. జీడిపప్పుకీ చిమ్మిలికీ మధ్య గుడ్డలో కట్టిన మన్ను. సంబరపడి ఫోన్ చేశాను.

"అది నీకు కాదే. టెక్కలి అమ్మికి. జాగర్తగా ఇచ్చీ" అంది అమ్మ.

వంటింట్లో నిలబడి మూట విప్పాను. ఇచ్చేస్తే ఇక ఆవిడే పెద్ద ముత్తయిదువలా అందరి చెవులకీ పెడుతుంది, నా చెవులకీ, నా కూతురి చెవులకీ. మా తోట మన్ను! అది నేను చూడలేను. రెండు చుక్కల నీళ్లు కలిపి ముందు నా చెవులకి పెట్టుకున్నాను. అప్పుడే స్కూలు నుంచి వచ్చిన పిల్లని పట్టుకుని దాని చెవులకీ పెట్టాను.

"అయ్యో అమ్మా, ముందు పాలు పొయ్యాలి కదా! నీకు తెలీదా? ఆంటీ చెప్పింది" అని అది గబగబా యూనిఫాం చేతికి చెవులు తుడిచేసుకుంది.