మార్తమ్మగారి చింతచెట్టుకి నేను చేసిన వైద్యం

చెట్లని చంపినవాళ్ళు బందరులో చాలామందే ఉంటారు. చెట్టుని నిక్షేపంగా బతికించి, దాని యజమానురాలిని నిలువునా ఏడిపించినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. నవ్వుదామని కూర్చున్నారు కదా, నవ్వండి. మధ్యలో మీ నవ్వు ఆగిపోతే నా పూచీ లేదు.

అప్పుడు నేను కొత్తగా ట్రైనింగు ముగించుకొచ్చిన గ్రామసేవకుణ్ణి. సైకిలు మీద పల్లెలు తిరిగి, రైతులకి అమ్మోనియా ఎరువు గొప్పతనం చెప్పడం నా ఉద్యోగం. చెప్పి చెప్పి నాకే అది పూనింది. లోకంలో ప్రతి జబ్బూ నత్రజని లోపంగానే కనిపించేది. మా ఆఫీసరుగారు కాస్త పాలిపోయి కనిపిస్తే ఆయన పాదుకి కూడా ఓ గుప్పెడు వేద్దామా అనిపించేది.

నేను అద్దెకున్న గది మార్తమ్మగారిది. మిషన్ బళ్ళో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. భర్త మిలిటరీలో డ్రైవరు. యుద్ధం అయ్యాక జపాను వెళ్ళి, అక్కడ పళ్ళెంలో పెంచే చెట్లని చూసి మోజుపడి వచ్చాడట. వచ్చాక గోడవార మొలిచిన చింతమొక్కని పెరట్లో ఒక వెడల్పాటి కుండీలో పెట్టి, పోయేదాకా దాన్ని మోకాలెత్తు దాటనివ్వలేదు. నేను చేరేనాటికే ఆయన లేడు. చెట్టు ఉంది. సముద్రపు గాలికి ఒరిగినట్టు ఒకవైపుకి వంగి, కొమ్మలకి రాగితీగలు చుట్టించుకుని ఉంది. చూసినప్పుడల్లా తిండి పెట్టక ఎండగట్టిన పసిపిల్లలా అనిపించేది.

తొలకరి పడగానే మార్తమ్మగారు కూతురి పురిటికి కోడూరు ప్రయాణమయ్యారు. నన్ను పెరట్లోకి పిలిచారు.

"బాబూ, దీనికి రోజూ చెంబుడు మంచినీళ్ళు పొయ్యి. బావినీళ్ళు ఉప్పు, పొయ్యమాక. చిగురు పైకొస్తే గిల్లెయ్. గాలివాన పట్టిందంటే లోపల మంచం కింద పెట్టు. అంతే, ఇంకేం చెయ్యొద్దు."

"మీరు నిశ్చింతగా వెళ్ళిరండి పిన్నిగారూ. నేను లేనూ?"

ఇంకేం చెయ్యొద్దు అంటే గ్రామసేవకుడికి నిద్ర పడుతుందా? వారం తిరక్కుండానే చిగురు పైకొచ్చింది. గిల్లడానికి చెయ్యి రాలేదు. పసిపిల్ల నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టుంది. ఓ ఆదివారం పలుగు తీసుకుని పెరట్లో గొయ్యి తవ్వాను. రొయ్యల గంపతో వచ్చిన నాగేంద్రం బావి గట్టు దగ్గర ఆగిపోయింది.

"అయ్యో బాబుగారూ, అదేం పనండీ! ఆ సెట్టంటే అమ్మగారికి పేణమండీ."

"ప్రాణమైతే కడుపు మాడుస్తారా?"

"ఏమోనండీ. ఆరొచ్చాక అడిగి సెయ్యండి."

"వచ్చాక ఆవిడే చూసి మురిసిపోతారు. నువ్వు రొయ్యలు తూచు."

కుండీలోంచి చెట్టుని పెకలించి ఆ గోతిలో పాతాను. అడుగున పెంటపోగు ఎరువు, వేరుశనగ పిండి, పైన అమ్మోనియా. సంకెళ్ళు తెంచే దేశభక్తుడిలా రాగితీగలన్నీ కత్తిరించాను. ట్రైనింగులో చెప్పారు కదా, వంకర కొమ్మలు బలం లాగేస్తాయని. ఆ ఒరిగిన కొమ్మలన్నీ మొదలంటా కొట్టేసి, నిటారుగా లేచిన చిగురునొక్కదాన్ని ఉంచాను.

ఇక చూడండి! కృష్ణా నల్లమట్టి, పై నుంచి వానలు, కింద నా మందు. చెట్టు ఎగబాకింది. కోడూరులో కూతురికి ఒంట్లో బాగుండక మార్తమ్మగారు అక్కడే ఉండిపోయారు. క్రిస్మసుకి వస్తున్నానని కబురంపేసరికి అది నన్ను మించిపోయింది. నాకు ఒళ్ళు తెలియని గర్వం. ఆవిడ దిగే రోజున ఆ చెట్టు చిగురే కోసి, పచ్చిరొయ్యలు వేసి కూర వండాను. నా పంటతో నా విందు.

రిక్షా దిగి ఆవిడ నేరుగా పెరట్లోకి నడిచారు. చెట్టుని దాటుకుని వెళ్ళి, కుండీ ఉండే అరుగు ఖాళీగా ఉండడం చూశారు. గిర్రున తిరిగి ఇంట్లోకి వెళ్ళారు. నేను వెనకాలే వెళ్ళేసరికి, ఆ పెద్దావిడ నేల మీద మోకాళ్ళూని మంచం కింద వెతుకుతున్నారు.

"ఇక్కడ లేదే బాబూ? ఎక్కడ పెట్టావు?"

"మంచం కింద ఇప్పుడెలా పడుతుందండీ! రండి చూపిస్తా."

చూపించాను. చేతులు కట్టుకుని పొగడ్త కోసం నిలబడ్డాను కూడా.

ఆవిడ ఆ చెట్టుని కింద నుంచి పై దాకా చూశారు. "ఆ ఒరిగిన కొమ్మేది?"

"కొట్టేశానండీ. వంకరగా ఉందని."

ఆవిడ బావి గట్టు మీద కూర్చున్నారు. చెయ్యి చాపి, లేని కొమ్మని పట్టుకున్నట్టు గాలిలో వేళ్ళు కాస్త వంచారు.

"పొద్దున్నే కాఫీ తాగి ఇట్టా పట్టుకుని వంచేవారు. చూడు, ఇట్టా. పోయే రోజు కూడా వంచారు. ఫోటో దిగుదామంటే డబ్బు దండగనేవారు. నాకు ఆయన చేతిపని అదొక్కటే మిగిలింది బాబూ."

తిట్టి ఉంటే బాగుండేది. అద్దె గది ఖాళీ చెయ్యమన్నా బాగుండేది. ఆవిడ నా మొహం చూసి, "నువ్వు మాత్రం కావాలని చేశావా" అన్నారు. నేను అక్కడే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.

అంతలో లోపల్నుంచి కూర వాసన వచ్చింది. దాచేద్దామని పరిగెత్తబోయాను.

"ఏం వండావు?"

అబద్ధం తోచలేదు. "చింతచిగురండీ... రొయ్యలతో..."

"ఈ చెట్టుదేనా?"

తలూపాను. ఆవిడ కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నారు. నన్నే ఇద్దరికీ వడ్డించమన్నారు. భోజనానికి ముందు ఆవిడ ప్రార్థన ఎప్పుడూ రెండు మాటల్లో అయిపోయేది. ఆ రోజు అన్నం చల్లారిపోయింది. కళ్ళు తుడుచుకుని మొదటి ముద్ద తిన్నారు. రెండోది తిన్నారు.

"రోజూ ఇన్నేసి చిగుళ్ళు గిల్లి పారేస్తుంటే, ఒక్కరోజు కూరకివ్వమని ఎంత పోట్లాడానో. ఆ చెట్టు పెట్టింది మొదలు ఇదే గొడవ. 'ఇది కూరాకు కాదే మార్తా' అనేవారు. ఒక్కనాడూ ఇవ్వలేదు." మరో ముద్ద కలిపారు. "ఇవాళ్టికి నేనే గెలిచాను. చూసి ఉడుక్కోడానికే మనిషి లేడు."

ఆ మాటతో నా విస్తట్లో అన్నం అలాగే ఉండిపోయింది. ఆవిడే నాకు మారు వడ్డించారు.

కాబట్టి పాఠకులారా, చేతిలో గుప్పెడు అమ్మోనియా పట్టుకుని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరూ అడగకుండా ఏ చెట్టు మీదా జాలిపడను. వంకరగా ఉన్నదేది కనిపించినా, దాన్ని వంచిన చెయ్యి ఎవరిదో కనుక్కోనిదే కత్తెర ముట్టను.