నఫీసా ఆంటీ రంగులేసిన నేలలు

నఫీసా ఆంటీ ఇక లేరని పోయిన శుక్రవారం కరీం అంకుల్ ఫోన్ చేశారు. గుండెపోటు. నేను నమ్మలేదు. ముందురోజే ఆవిడ నాతో అరగంటసేపు వార్నిష్ గురించి మాట్లాడారు.

క్రాన్‌బర్న్ అనే ఈ పరాయిదేశపు ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళలో ఆవిడ చెయ్యి పడని నేల తక్కువ. నరసరావుపేట మనిషి. పగలు భర్త కరీం అంకుల్ మసాలా దుకాణంలో కూర్చునేవారు, తీరిక దొరికితే రంగుడబ్బాలతో ఎవరింటికో బయల్దేరేవారు. ఆవిడ గురించి రాయబోతే దుఃఖం కంటే ముందు ఉత్సాహమే తోసుకొస్తోంది. అలాంటి సహవాసం ఆవిడది.

రెండేళ్ళ కిందటి ఉగాదికి, ఈ దేశానికి కొత్తగా వచ్చిన నేను, మన అలవాటు ప్రకారం ఇల్లు కడిగాను. కార్పెట్ మీద నాలుగు బకెట్ల నీళ్ళు పోసి చీపురుతో తోశాను. తోసిన నీళ్ళు పోవడానికి ఇంట్లో ఎక్కడా తూము లేదని అప్పుడు చూశాను. భూగోళానికి దక్షిణపు సగం కదా, ఇక్కడ ఉగాదంటే చలి మొదలయ్యే కాలం. కార్పెట్ ఆరలేదు, కుళ్ళింది. పీకేస్తే కింద బోసి చెక్కలు, అంచుల వెంట మేకులు.

మా పాప మైత్రికి అప్పుడు ఏడో నెల. మేకులన్నీ తీయించినా నాకు ధైర్యం చాలలేదు. పేడు గుచ్చుకుంటుందని, చలి పడుతుందని పిల్లను చంక దింపలేదు. తొమ్మిదో నెల వచ్చినా అది పాకలేదు. నేలమీద వదలకపోతే కాళ్ళూ చేతులూ బలపడవని పసిపిల్లల్ని చూసే నర్సు గట్టిగా చెప్పింది. ఆ భయమొకటి కొత్తగా చేరింది.

దుకాణంలో నా గోడు విన్న ఆంటీ మర్నాడే వచ్చారు.

"కార్పెట్‌ని కడిగావంటగా అమ్మాయ్. నయం, సోఫాకి తలంటు పొయ్యలేదు."

చాలా రోజుల తర్వాత నవ్వాను.

పెయింటర్లు పరుచుకునే మందపాటి కాన్వాసు గుడ్డ తెచ్చి హాలు నేలంతా పరిచారావిడ. అడుగున రెండు పూతలు తెల్లరంగు, దానిమీద డిజైను, ఆపైన మూడు పూతలు వార్నిష్. మావారిది ఆ రోజుల్లో రెండువేల సంవత్సరం గండానికి పాత ప్రోగ్రాములు సరిచేసే పని. ఇంటినిండా ప్రింటౌట్లు. రెండంచులా వరసగా చిల్లులున్న ఆ పొడుగు కాయితాన్ని ఆంటీ గుడ్డమీద పరిచి, చిల్లు చిల్లుకీ పెన్సిల్ మొన ఆనించారు. కాయితం తీస్తే కొలిచినట్టు చుక్కల వరస. చిన్నప్పటినుంచీ ముగ్గుకి చుక్కలు వంకరగానే పెట్టిన నాకు ఒళ్ళు పులకరించింది.

"ఆంటీ, అది ఆఫీస్ కోడ్. నేనింకా చెక్ చెయ్యాలి," అన్నారు మావారు.

"చెక్ చేసుకో నాయనా. చిల్లుల్లో కోడ్ లేదుగా?"

పిల్ల కోసం ఒక చిలకని వెయ్యమని అడిగాను.

"ప్రాణమున్నవి నేను వెయ్యనమ్మా. తీగలు, పూలు వేస్తా. వాటి మధ్య తిరిగే ప్రాణం నీ చంకలో ఉందిగా."

గోడలు చుట్టాల కోసం, నేల ఇంట్లోవాళ్ళ కోసం అనేవారు ఆంటీ. వార్నిష్ ఆరినరోజు పిల్లను ఇమ్మని చేతులు చాచారు. జారుతుందేమోనని నేను ఇవ్వలేదు. ఆవిడ వాదించలేదు. అరవై ఏళ్ళ మనిషి, ఆ గుడ్డమీద బోర్లా పడుకుని మోచేతులమీద ఈ చివరినుంచి ఆ చివరికి పాకారు.

"నాకేం కాలేదు, చూశావుగా. ఇప్పుడు నువ్వు."

నేను పాకాలంటే పిల్లను ఎవరికో ఒకరికి ఇవ్వాలి కదా. ఇచ్చాను. సగందూరం పాకి వెనక్కి చూస్తే మైత్రి గుడ్డమీద ఉంది. పొట్టతో ఈదుతున్నట్టు నావైపు జరుగుతోంది. ఆంటీ నడుముమీద చేతులు పెట్టుకుని, "ఆగమాక, నువ్వు పో," అన్నారు నాతో.

ఆదివారం పరామర్శకి వెళ్ళాం. కూర్చునేవాళ్ళ కోసం హాలంతా తెల్లదుప్పట్లు పరిచారు. మైత్రి ఒక దుప్పటి అంచు ఎత్తింది. కింద ఆంటీ వేసిన నీలం తీగ.

"అమ్మా, ఫ్లవర్," అని ఇంకా లాగింది.

ఆపబోయాను. "ఉండనివ్వమ్మా," అంటూ కరీం అంకుల్ ఆ దుప్పటిని తనే మడిచి పక్కన పెట్టారు.

ఆ తీగ అక్కడక్కడ అరిగింది. మళ్ళీ రంగు దిద్దే చెయ్యి ఇక లేదు, ఈ ఊళ్ళో అలాంటిది ఇంకొకటి రాదు. మైత్రి ఆ తీగ వెంట పరుగెత్తింది, పడింది, తనే లేచింది. పిల్లను ఎత్తుకోడానికి నేను కూర్చున్నచోటినుంచి కదలలేదు. ఆంటీకి నేను పెట్టగలిగిన నమస్కారం అదే.