తల లేని తెల్ల చొక్కా

ఇన్నేళ్లుగా ఒక మాట గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డంపడి ఉంది. "అత్త." అంతే, అదే ఆ మాట. దాని వెనకున్న నిజం ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను పుస్తకాలకు ముఖచిత్రాలు గీస్తాను. చీకటి బొమ్మలు, పీడకలల్లాంటివి. మీకు స్ఫూర్తి ఎవరని అడిగితే నోరు తిరగని విదేశీ చిత్రకారుల పేర్లు అప్పజెబుతాను. వాళ్ల బొమ్మలు భద్రాచలం ఇంటర్నెట్ సెంటర్లో చూసి వెర్రెత్తిపోయిన మాట నిజమే. కానీ అంతకుముందే అలాంటి చీకటిని నాకు చూపించింది మా మేనత్త సుగుణ.

మాది సారపాక. నాన్న చర్చిలో సంఘపెద్ద, ఆదివారాలు తెల్ల చొక్కా వేసుకుని ప్రసంగం చేసేవాడు. పెళ్లి కాని అత్త మాతోనే ఉండేది, సండే స్కూల్లో పిల్లలకు బైబిలు కథలు చెప్పేది. అట్టముక్కల మీద బొగ్గుతో బొమ్మలు గీసి మరీ చెప్పేది. యోనాను మింగిన చేపను అందరూ బయటి నుంచి గీస్తారు. అత్త లోపలి నుంచి గీసింది. పక్కటెముకల మధ్య అంతటా కళ్లు. పిల్లలు కేకలు పెట్టి, మళ్లీ చూపించమనేవాళ్లు. వారమంతా వంటింట్లో మగ్గే మనిషి ఆ కాసేపు వెలిగిపోయేది.

నాకు అసూయ. అవును, అసూయే, దానికి వేరే పేరెందుకు? అత్తను మించాలని ఒక బొమ్మ గీశాను. ప్రసంగ వేదిక మీద తెల్ల చొక్కా, తల ఉండాల్సిన చోట తెరిచిన నోరు, బల్లను గట్టిగా పట్టుకున్న చేతులు. అత్త అట్టల మధ్య దాచాను. అది నాన్న చేతికి చిక్కింది.

"ఏందిది? ఎవరు గీసిన్రు?"

అప్పటికే నాకు హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ సీటు వచ్చింది. ఆడపిల్లను పంపాలా వద్దా అని నాన్న ఊగిసలాడుతున్నాడు. నిజం చెబితే ఆ చదువు అక్కడికక్కడే ఆగిపోయేది.

"అత్త," అన్నాను.

అత్త వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బొమ్మను చూసింది. నన్ను చూసింది.

"అవ్ అన్నా. నేనే గీసిన."

సైతాను పని అన్నారు. ఉపవాస ప్రార్థనలు పెట్టారు. సండే స్కూలు మాన్పించారు. ఆమె అట్టలన్నీ నాన్న నీళ్ల పొయ్యిలో పెట్టాడు. చేప కూడా కాలిపోయింది. నేను తేలు కుట్టిన దొంగలా పక్కనే నిలబడ్డాను. ఆ నీళ్లతోనే స్నానం చేశాను.

ఎందుకు ఒప్పుకుంది? నా చదువు కోసమా? అన్నకు ఎదురుచెప్పలేకా? నా బొమ్మ నచ్చిందేమోనని కూడా ఒక్కోసారి అనుకుంటాను, అలా అనుకుని నన్ను నేనే ఊరడించుకుంటున్నానని తెలిసి వెంటనే సిగ్గుతో చచ్చిపోతాను. అడిగే ధైర్యం ఏనాడూ చేయలేదు. నేను బస్సెక్కే రోజు ఆమే అంది: "చేతులు మంచిగ గీసినవ్ బిడ్డా." ఆ తర్వాత ఆమె బొగ్గు పట్టింది లేదు.

నాన్న పోయాడు. ఇప్పుడు నిజం చెబితే ఆగిపోయే చదువు కూడా లేదు. అయినా చెప్పలేదు. అత్త ఇప్పటికీ సారపాకలోనే ఉంది. అదే చర్చిలో వెనక వరుసలో కూర్చుంటుంది. అక్కడి వాళ్లకు ఆమె సైతాను బొమ్మ గీసిన మనిషే.

ఇది ఆ చర్చిలో నిలబడి చెప్పాల్సిన మాట. ఇక్కడ, పేరు దాచుకుని రాస్తున్నాను. ఇదీ పిరికితనమేనని తెలుసు. కానీ గొంతు కాస్త తెరుచుకుంది. నాన్న అడిగిన దానికి ఇన్నాళ్లకు జవాబు చెప్పగలుగుతున్నాను.

నేనే గీసిన, నాన్నా.