సైలుకు నేను చదివిన ఇస్తిహారు

ఇరవై ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు తెలియదు, పిల్లలకు తెలియదు. మీరు నాకు ముఖపరిచయం లేనివారు కనుకనే చెప్పగలుగుతున్నానేమో.

నిజాం రాజ్యం ఇంకా ఉన్న రోజులవి. కోదాడ దగ్గర ఒక ఊళ్ళో దొరగారికి నేను గుమాస్తాను. ఊళ్ళో ఉర్దూ చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. సర్కారు హుకుం ఏదైనా ఉర్దూలోనే వచ్చేది. నేను చదివి చెబితేనే ఊరికి తెలిసేది.

సైలు ఆ దొర దగ్గర భగేలా. తండ్రి చేసిన అప్పుకు కొడుకు దొర పొలంలో కట్టుబడి చేసే చాకిరీ అది. అతని భార్య మల్లమ్మ ఆ ఎండాకాలమే మేళ్లచెరువులో సున్నం బట్టీల దగ్గర పనికి కుదిరింది. ఆమె అన్న అక్కడే ఉన్నాడు. సైలు వస్తే అతనికీ పని ఉంది, తలదాచుకోను గుడిసె ఉంది. దొర మాత్రం వదలనన్నాడు.

ఒకరోజు కచేరీ పని మీద హుజూర్‌నగర్ వెళ్ళాను. బండి తోలింది సైలే. కచేరీ గోడకు ఒక ఇస్తిహారు, అంటే సర్కారు ప్రకటన, అంటించి ఉంది. నిలబడి చదివాను. భగేలా కాగితం ఏడాదికి మించి చెల్లదు. గడువు దాటితే పనివాడు వెళ్ళిపోవచ్చు. ఎవరైనా ఆపితే తహసీల్దారుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. సైలు కాగితానికి అప్పటికి ఆరేళ్ళు. రాసింది నేనే.

సైలు నా వెనకే వచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, జర సదువుండ్రి. ఏడాది దాటినోడు దొరను ఇడిసి పోవచ్చని గా కాయితంల ఉన్నదట గద?"

"ఎవడు చెప్పిండురా?"

"సంతల అనుకుంటున్నరు. మా ఆడామె గాడ ఎదురు సూస్తున్నది. ఇంకొన్నాళ్ళు పోకుంటే నా మొఖమే మర్సిపోతదయ్యా." నవ్వాడు. "నేను పోతె దొర ఎడ్లకు గడ్డి మీరెయ్యాలె మరి!"

"గట్లేం లేదురా. కాయితం ఉన్నన్నాళ్ళు ఉండాలె. మధ్యల పోతె పట్టుకొచ్చి జేల్ల ఏస్తరని రాసుంది."

సైలు ఆ కాగితం వంక కొంతసేపు చూశాడు. "అట్లనా" అన్నాడు. వెళ్ళి ఎడ్లను కట్టాడు.

అలా చెప్పమని దొర నన్ను అడగలేదు. ఆ సంగతి ఆయనకు ఎన్నడూ తెలియదు కూడా. మరి ఎందుకు చెప్పాను? భయమా? సైలు వెళ్ళిపోతే, అతనికి చదివి చెప్పిందెవరని దొర వెతికేది నన్నే కదా అనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ భయాన్నే సాకుగా చూపించుకున్నాను. కానీ భయపడ్డవాడు తనకు సరిగా అర్థం కాలేదనైనా అనవచ్చు, తప్పుకోవచ్చు. నేను జైలును ఎందుకు కల్పించాను? నాకు మాత్రమే తెలిసినది అతనికీ తెలిస్తే అతను నా ముందు చేతులు కట్టుకోవడం మానేస్తాడని నాలో ఎక్కడో ఉండి ఉంటుంది.

మల్లమ్మ రెండేళ్ళు చూసింది. సైలుకు దొర గడీయే ముద్దు, తను అక్కర్లేదు అనుకుందట. కులపెద్దల ముందు మారుమనువు చేసుకుంది. ఆ కబురు వచ్చిన రోజు సైలు చెరువులో ఎడ్లను కడుగుతున్నాడు. పొద్దు గూకేదాకా ఆ రెండెడ్లనే కడుగుతూ ఉన్నాడు. నేను గట్టు మీద నిలబడి చూశాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

పోయిన ఏడు సూర్యాపేటలో కనిపించాడు. మండీలో హమాలీ చేస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. నన్ను గుర్తుపట్టి, వీపు మీది బస్తా దించి దండం పెట్టాడు.

"ఆనాడు మీరు చెప్పబట్టి బతికినయ్యా. లేకుంటె తెల్వక పోయి జేల్ల పడేటోణ్ణి."

చాయ్ తాగమని బలవంతం చేశాడు. తాగాను. బస్సెక్కి వచ్చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరెవరు, అడగడానికి నేనెవరు? రాస్తుంటే గుండె కొంచెం తేలికైన మాట నిజం. దానికీ సిగ్గుగానే ఉంది.

సైలూ, ఆ కాగితం చెల్లదు. ఆ రోజే బండి అక్కడే వదిలేసి నువ్వు మేళ్లచెరువు వెళ్ళిపోవచ్చు. నిన్ను ఎవరూ ఆపడానికి లేదు. నాకు తెలుసు.