ముందు గుణకారం, తర్వాతే కూడిక

ఎనభైల నడుమ మా కంపెనీకి కంప్యూటరు వస్తోందని తెలిసిననాడు అన్నయ్యా నేనూ టాలీ గదిలోనే ఉన్నాం. అన్నయ్య అంటే నా తోడబుట్టినవాడు కాదు. మల్కాపురంలో మేము కూడుకునే సంఘానికి ఆయన పెద్ద. చిన్నప్పుడు సండే స్కూల్లో నా చేత వాక్యాలు కంఠతా పట్టించిందీ ఆయనే, మా నాన్న పోయాక ఓడల సరుకు దింపించే ఆ ప్రైవేటు కంపెనీలో నన్ను గుమాస్తాగా పెట్టించిందీ ఆయనే. టాలీ అంటే క్రేను ఒడ్డుకు దించిన సరుకును గీతలు గీస్తూ లెక్కపెట్టడం. తాళ్ళతో కట్టి ఒక్కసారి దించే సంచుల మోపు ఒక స్లింగు, ఒక్కో స్లింగుకి ఒక గీత. ఆ పని కూడా ఆయన పక్కన ఎండలో నిలబడే నేర్చుకున్నాను.

ఆఫీసరు మమ్మల్నిద్దరినీ పిలిచి సూటిగా చెప్పాడు. టాలీ గది ఎత్తేస్తున్నారు. శనివారాలు ఇద్దరం కంప్యూటరు క్లాసుకి వెళ్ళాలి. చివర్న పరీక్ష ఉంటుంది. బాగా చేసినవాడు కంప్యూటరు గదిలోకి, రెండోవాడు ఇనుప ఖనిజం యార్డులోకి.

అన్నయ్యకి ఉబ్బసం. ఆ యార్డులో గాలే ఎర్రగా ఉంటుంది. అక్కడ పనిచేసినవాడి చొక్కా ఉతికితే బకెట్లో నీళ్ళు ఎర్రబడతాయి. ఆ దుమ్ములో ఆయనకి ఊపిరాడదని సంఘంలో అందరికీ తెలుసు, ఆఫీసులో ఎవరికీ తెలియదు. రోగిష్టివాడని తెలిస్తే ఏకంగా ఇంటికే పంపేస్తారని ఆయన భయం. ఎక్కడా నోరు జారనని నా దగ్గర మాట తీసుకున్నాడు.

అప్పటినుంచీ నా ప్రార్థన ఒకటే. ప్రభువా, అన్నయ్యకీ నాకూ ఇద్దరికీ ఆ గదిలో చోటివ్వు. మోకాళ్ళ మీద ఉన్నంతసేపూ అది సబబైన కోరికలాగే అనిపించేది.

క్లాసు ద్వారకానగర్లో ఒక మేడ మీద. కంప్యూటర్లకి దుమ్ము పడదని చెప్పులు బయటే విప్పించేవారు. లోపల చల్లటి గాలి, అగరువత్తులు లేని గుడిలాంటి నిశ్శబ్దం. చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టగానే అన్నయ్య అలవాటు కొద్దీ తలవంచి కళ్ళు మూసుకున్నాడు. పాఠం చెప్పే కుర్రమాస్టారు అది చూసి నవ్వాడు.

"ఏంటండీ, మెషీన్‌కి దండం పెడుతున్నారా?"

"మెషీన్‌కి కాదు బాబూ. దాన్ని సేసినోడిని సేసినోడికి."

మాస్టారు బోర్డు మీద గుర్తులు వేశాడు. కూడికకి మనకు తెలిసిన గుర్తే. గుణకారానికి ఇంటూ కాదు, చిన్న నక్షత్రం. భాగహారానికి ఏటవాలు గీత. వీటిని ఆపరేటర్లు అంటారన్నాడు.

"మాకు ఆపరేటరంటే క్రేను మీద కూకున్నోడు" అన్నాడు అన్నయ్య.

"ఇదీ అంతేనండీ. అటొక అంకె, ఇటొక అంకె. మధ్యలో వీడు వాటిని పట్టుకుని పని చేస్తాడు."

తర్వాత నిజం, అబద్ధాలను కలిపే ఆపరేటర్లు చెప్పాడు. ఆండ్ పెడితే రెండు మాటలూ నిజమైతేనే మొత్తం నిజం. ఆర్ పెడితే ఏ ఒక్కటి నిజమైనా చాలు, రెండూ అయినా ఫరవాలేదు. ఎక్సార్ అని ఇంకొకటుంది. ఒకటి నిజమైతే రెండోది కాకూడదు. రెండూ నిజమైతే అది ఒప్పుకోదు. ఆ మాట విన్నాక ఇంకేమీ బుర్రకెక్కలేదు. నేను దేవుణ్ణి ఆండ్ అడుగుతున్నాను. ఆఫీసరు మా ఇద్దరి మధ్యా పెట్టింది ఎక్సార్. పక్కన అన్నయ్య ఆ మూడు గుర్తులనూ గుండ్రటి అక్షరాలతో శ్రద్ధగా నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటున్నాడు. ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

సాయంత్రాలు డ్యూటీ దిగాక అన్నయ్య వాళ్ళ అరుగు మీద కూర్చుని చదువుకునేవాళ్ళం. నాకు తొందరగా పట్టుబడుతోంది, ఆయనకి ఆలస్యమవుతోంది. అది ఇద్దరికీ తెలుస్తోంది. నాకు వచ్చిందంతా ఏ రోజుకారోజు ఆయనకి ఒప్పజెప్పేవాణ్ణి. ఆయన మొదట అడ్డంపడింది ఎక్స్ ఈక్వల్టు ఎక్స్ ప్లస్ ఒకటి దగ్గర.

"ఇది అబద్ధం కాదేటి? సమానమంటే సమానమే గదా. ఎక్సు ఎలగ ఎక్సు కన్నా ఒకటి పెద్దదవుద్ది? ఇలాటిది నా సేత్తో ఎలగ రాయడం?"

"ఓడ మీంచి స్లింగు దిగితే మీరేటి సేత్తారు అన్నయ్యా?"

"గీత గీత్తాను."

"గీసినాక లెక్కెంత?"

"ముందున్నదాని మీద ఒకటి."

"ఇదీ అదే. కుడిపక్కన ఉన్నది పాత లెక్క. దానికి ఒకటి కలిపి మళ్ళీ అదే గళ్ళో పెట్టమంటన్నాం. రెండూ సమానమని సాక్ష్యం సెప్పడం కాదు. పెట్టమని సెప్పడం."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "అలగైతే సరే. సాక్ష్యం కాదు, ఆజ్ఞ. ముందే సెప్పుంటే నా పేనం ఇంత కొట్టుకోకపోను."

లోపలినుంచి వదిన అందుకుంది. "ఆజ్ఞైతే మీ అన్న ఇనడు మరిదీ. కిరసనాయిలు తెమ్మని పొద్దున్న నానిచ్చిన ఆజ్ఞ ఇంకా గుమ్మం దాటనేదు."

రెండో చిక్కు పెద్దది. రెండు ప్లస్ మూడు ఇంటూ నాలుగు ఎంతంటే అన్నయ్య ఇరవై అన్నాడు. మెషీన్ పద్నాలుగు అంటుంది. అన్ని ఆపరేటర్లూ ఒక వరసలో ఉంటే గుణకారం, భాగహారం ముందు జరుగుతాయి. కూడిక, తీసివేత ఎంత ముందొచ్చి నిలబడినా ఆగాల్సిందే. అది ఆయనకి మింగుడుపడలేదు.

"గుణకారానికి ఏటా పెద్దరికం? ముందొచ్చినోడు పంక్తిలో కూకుంటే ఎనకొచ్చినోడికి వడ్డించీడమేటి? ప్రేమవిందులో ఇలగ సేత్తే సంఘం ఊరుకుంటాదా?"

"అందుకే బ్రాకెట్లున్నాయి. ఏది ముందు జరగాలో దాన్ని బ్రాకెట్లో పెట్టండి. గుణకారమైనా ఆగుద్ది."

బ్రాకెట్లు ఆయనకి తెగ నచ్చాయి. అటూ ఇటూ చేతులడ్డుపెట్టి, ముందు వీళ్ళకి పెట్టండి అన్నట్టుంది అన్నాడు. అక్కణ్ణుంచి ప్రతి లెక్కకీ బ్రాకెట్లే. అవసరం లేనిచోట కూడా ఒకదానిలో ఒకటి. చూడ్డానికి సాలెగూడులా ఉండేది. పరీక్ష ముందు సాయంత్రం నేనే అన్నాను.

"అన్నయ్యా, అక్కర్లేనికాడ పెట్టకండి. లెక్క తప్పు కాదుగాని, పని రానోడు రాసినట్టు సూత్తాడు మాస్టారు. కావాల్సినకాడ పెడితే సాలు."

ఆయన తలూపాడు. నేను చెప్పింది సరైన మాటే. ఇప్పుడెవరినడిగినా అదే చెబుతారు.

ఆ సాయంత్రమే ఇంకో మాట కూడా అన్నాను. "రేపు నాను తప్పు రాసీత్తాను. మీరు గదిలో ఉండండి. యార్డు నాకేటి భయం?"

అన్నయ్యకి కోపం రావడం అరుదు. వస్తే ఊపిరి అందక మాట ముక్కలయ్యేది. "తప్పని తెలిసీ... తప్పు రాత్తే... అది అబద్ధమే. నీకు నాను నేర్పిన వాక్యమంతా... ఇందుకేనా? నా కోసం నువ్వు అబద్ధమాడితే... ఆ గదిలో నాను పీల్చే గాలి ఎలగ పీల్చాలిరా?"

వదిన వచ్చి ఆయన వీపు రాసింది. నావైపు చూడలేదు. ఆవిడ కళ్ళు మాత్రం నేను అన్నట్టే చేస్తే బాగుండునన్నట్టు ఉన్నాయి. లేక నాకలా అనిపించిందో.

పరీక్షలో మాస్టారు మా రేవు లెక్కే ఇచ్చాడు. పొద్దున దిగిన స్లింగులు, మధ్యాహ్నం దిగిన స్లింగులు, ఒక్కో స్లింగుకి ఎన్ని సంచులో ఆ అంకె. మొత్తం సంచులెన్నో మెషీన్ చేత చెప్పించాలి. అన్నయ్య మొహం వెలిగింది. ఏళ్ళ తరబడి ఆయన చేసిన లెక్క అది. టాలీ కాగితం మీద వరసెప్పుడూ ఒకటే. ముందు పొద్దుటిది, పక్కన మధ్యాహ్నానిది, రెండూ కలిపి, ఆ పక్కనున్న సంచులతో గుణించడం. ఆయన వేళ్ళు ఆ వరసలోనే వెళ్ళాయి. పొద్దున ప్లస్ మధ్యాహ్నం, నక్షత్రం, సంచులు. బ్రాకెట్లు లేవు.

మెషీన్ మధ్యాహ్నపు స్లింగులను మాత్రమే సంచులతో గుణించింది. పొద్దుటి స్లింగులను విడి సంచులనుకుని పైన కలిపేసింది. తెర మీద అంకె చూడగానే అన్నయ్యకి తెలిసిపోయింది. వేళ్ళు మీటల మీదికి పోయాయి. మళ్ళీ కొట్టడానికి వీల్లేదన్నారు. నా తెర మీద సరైన అంకె వెలుగుతోంది. దాన్ని అరచేత్తో కప్పేయాలనిపించింది.

నేను చల్లటి గదిలో కూర్చున్నాను. ఆయన యార్డుకి వెళ్ళాడు. వెళ్ళేముందు నా భుజం తట్టి, "మెషీన్ పాడైతే మళ్ళీ గీతలే. మరిసిపోకు" అని నవ్వాడు. కొన్నాళ్ళకి ఆయన నడిచి వస్తుంటే మనిషి కంటే ముందు దగ్గు వినిపించేది. మధ్యాహ్నం క్యాంటీన్లో ఆయన ఎక్కడ కూర్చుంటాడో చూసుకుని నేను వేరే పక్కకి పోయేవాణ్ణి.

పాపం చేసిన మనిషికి ఒక దారి ఉంది. ఒప్పుకుంటే క్షమాపణ దొరుకుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని ఎంత వెతికినా నాకు ఒప్పుకోవడానికి పాపం దొరకలేదు. నేర్పాల్సింది నేర్పాను. సరైన మాటే చెప్పాను. అబద్ధం రాయలేదు. అయినా గదిలో నేనున్నాను, దుమ్ములో ఆయనున్నాడు. ఒప్పుకోవడానికేమీ లేని బరువును ఎవరి ముందు దించుకోవాలో తెలియక, ప్రార్థన సగంలో లేచిపోయేవాణ్ణి.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, సంఘమంతా రొట్టె పంచుకునే ఆరాధన. అన్నయ్యే రొట్టె పళ్ళెం పట్టుకుని వరసగా వస్తున్నాడు. గోళ్ళ సందుల్లో ఎర్రదుమ్ము ఎంత తోమినా పోలేదు. పళ్ళెం నా ముందుకొచ్చింది. నేను చేయి చాపలేదు. నాకు అర్హత లేదనిపించింది, అంతే. తల దించుకుని పళ్ళెం దాటిపోతుందని చూశాను. దాటలేదు.

మా సంఘంలో రొట్టె పంచే పెద్ద అందరికంటే చివర్న తింటాడు. ఎవరైనా తినకపోతే వాళ్ళకీ ఇంకొకరికీ మధ్య పొరపొచ్చం ఉన్నట్టు లెక్క. అది తేలేదాకా పంచేవాడికీ రొట్టె లేదు. అపరాధభావంతో నేనది ఆలోచించనే లేదు. వెనక వరసలో ఆడవాళ్ళు కదిలారు. వదిన తల ఎత్తింది.

అన్నయ్య వంగి మెల్లగా అడిగాడు. "నాకు నీ మీద ఏటైనా ఉందని ఎవరు సెప్పారు?"

"ఎవరూ సెప్పనేదు. బ్రాకెట్లు వొద్దన్నది నానే గదా."

"తప్పు సెప్పావేటి?"

"నేదు."

"మరి నిజం సెప్పి అలుగుతావేటిరా? నువ్వు తినకపోతే నాను తినకూడదు. వారమంతా దుమ్ము తింటన్నాను, సాలదేటి? ఈ రొట్టె కూడా నేకుండా సేత్తావా?"

అది ఎగతాళో, వేడుకోలో ఇప్పటికీ తేల్చుకోలేను. చేయి చాపి ఒక ముక్క తీసుకున్నాను. ఆయన నేను నోట్లో పెట్టుకునేదాకా నిలబడి, తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళాడు.

అందరికీ అందాక బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళి తన ముక్క తీసుకున్నాడు. నములుతుండగా దగ్గు తెర వచ్చింది. ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని వంగిపోయాడు. అది తగ్గేదాకా సంఘమంతా కళ్ళు మూసుకుని ఆగింది. నేను మాత్రం కళ్ళు తెరిచే ఉన్నాను.