సూప్ రాకముందే తినేసిన రొట్టె

ఆ రోజుల్లో కెనడాలో, బ్రాంప్టన్ బేస్‌మెంట్లలో మాలాంటి స్టూడెంట్లు ఎంతమంది ఉండేవారంటే, పొద్దున్నే బాత్రూమ్ ముందు నిలబడితే కాలేజీ అడ్మిషన్ క్యూ గుర్తొచ్చేది. అందరికీ ఏవేవో పెద్ద పెద్ద ఆశలుండేవి. నాకు మాత్రం ఒకటే కోరిక: వేర్‌హౌస్‌లో లారీలు వచ్చే డాక్ డోర్ దగ్గర్నుంచి బయటపడి, లోపల హీటర్ పక్కనున్న ప్యాకింగ్ టేబుల్ దగ్గరికి చేరడం. జనవరిలో ఆ తలుపు లేచినప్పుడల్లా నా ముక్కు ఉందో ఊడిందో తడిమి చూసుకునేవాణ్ణి. (ఉండేది, జలుబుతో సహా.)

ఆ టేబుల్ మా సూపర్‌వైజర్ చేతిలో ఉండేది. చైనా ఆవిడ, యాభై దాటిన మనిషి. వెనకాల మేం ఆంటీ అనుకునేవాళ్లం. "నీ చేతులకి స్పీడుంది, ఓపిక లేదు. అక్కడ ప్యాక్ చేసేది గాజు సామాను" అనేది. అప్పటికే రెండు టీ సెట్లు (రికార్డుల్లో ఒకటే) పగలగొట్టి ఉన్నాను కాబట్టి నేనూ వాదించలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం షిఫ్ట్ అయ్యాక, నన్నూ నా రూమ్మేటు నెల్లూరోణ్ణీ కారెక్కించుకుని నార్త్ యార్క్‌లో వాళ్ల ఊరి వాళ్ల లాంబ్ సూప్ హోటల్‌కి తీసుకెళ్లింది. "తిన్నాక టేబుల్ సంగతి మాట్లాడదాం" అంది. నేను లాకర్లో దాచుకున్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళ్లాను. తలుపు తీయగానే అచ్చం పాయా వాసన! ఇంటి మీద బెంగతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆంటీ ఆర్డర్ చెప్పి, కారు సరైన చోట పెట్టడానికి మళ్లీ బయటికెళ్లింది. ఇంతలో వడ్డించే ఆవిడ మూడు గిన్నెలు తెచ్చింది. ఒక్కో దాంట్లో అరచేయంత వెడల్పున్న మందపాటి రొట్టె. పక్కన ఊరబెట్టిన వెల్లుల్లి, ఎర్రటి కారం.

"సూప్ యాడరా?" అన్నాడు నెల్లూరోడు.

"వస్తది తియ్. ముందుగాల రొట్టె పెడ్తరు. గీ హోటళ్ల పద్ధతే గంత" అన్నాను, అలాంటి హోటల్ మొహం జన్మలో చూడకపోయినా.

"రాయి మాదిరుండాదిరా!"

"కారం అద్దుకో."

అద్దుకుని తినేశాం. వడ్డించే ఆవిడ ఖాళీ గిన్నెల వంక వింతగా చూసి, ఇంకో రెండు రొట్టెలు తెచ్చి వేసింది. "అన్‌లిమిటెడ్ రా!" అని నెల్లూరోడు పొంగిపోయాడు. అవీ అయిపోవచ్చేసరికి ఆంటీ వచ్చి, గిన్నెల్లోకి చూసి, కూలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుని అప్పుడు చెప్పింది: రొట్టెని ఎవరికి వాళ్లే గిన్నెలో చిన్న చిన్న ముక్కలుగా తుంచుకోవాలట. ఆ గిన్నె వంటింట్లోకి వెళితే, వంటాయన ముక్కల్ని సూప్‌లో ఉడికించి పంపిస్తాడట. "ముక్కలు చూసి మనిషెలాంటివాడో చెప్పేస్తాడు" అని కూడా అంది.

ఆంటీ తెప్పించిన మూడో రొట్టెని మటన్ పులుసులో ముంచుకునే సైజులో రెండు నిమిషాల్లో తుంచి పంపించాను. వంటాయన గిన్నెతో సహా బయటికొచ్చి, దాన్ని నా ముందు పెట్టి, వాళ్ల భాషలో ఏదో అన్నాడు. హోటలంతా నవ్వింది.

"ఏమంటున్నారు?"

"ఇది గుర్రానికా అని అడుగుతున్నాడు" అంది ఆంటీ.

మళ్లీ మొదలుపెట్టాను. ముప్పావుగంట తుంచాను. గోళ్లు నొప్పెట్టాయి. ఆంటీ తన ముక్కలు శనగపప్పంత చేసుకుంటూ, కెనడా వచ్చిన కొత్తలో తనూ ఆ డాక్ డోర్ దగ్గరే మూడు చలికాలాలు నిలబడ్డానని చెప్పింది. నా మొహం చూడలేదు, చేతులే చూసింది. అంతవరకూ ఆవిడకి నేనంటే పడదనుకున్నందుకు సిగ్గుపడ్డాను. చివరికి సూప్ వచ్చింది. కడుపులో రెండు రొట్టెలు బైఠాయించి ఉన్నా చుక్క మిగల్చలేదు.

"మరి టేబుల్?" అన్నాను.

"రేపట్నుంచి రా. కానీ మొదటి నెల ప్లాస్టిక్ డబ్బాలే."

కొన్నేళ్లకి ఆంటీ రిటైరై కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పుడా టేబుల్ పెత్తనం నాది. కొత్త పిల్లల్ని ఆ హోటల్‌కే తీసుకెళతాను. ఫోనొచ్చిందని వంక పెట్టి బయటికెళ్లి, రొట్టె ఎప్పుడు కొరుకుతారా అని కిటికీ అద్దంలోంచి చూస్తుంటాను. మొన్న వచ్చిన ఇద్దరూ బుద్ధిగా కూర్చుని శనగపప్పంత ముక్కలు తుంచుతున్నారు. అదేదో వీడియోలో ముందే చూశారట! ఉసూరుమంటూ లోపలికొచ్చి, ఆకలి మీద నా రొట్టె నాలుగు పీకులు పీకి పంపించాను. జుట్టు నెరిసిన అదే వంటాయన గిన్నెతో బయటికొచ్చి, నా ముందు పెట్టి, అదే మాట అన్నాడు.

"ఏమంటుండన్నా?" అన్నారు పిల్లలు.

"ఏం లేదు తమ్మీ. నన్ను గుర్తుపట్టిండు" అన్నాను.