కొవ్వు గోలీలు, మా బాపు పొట్టేళ్లు

ముందే చెబుతున్నాను, ఆ గోలీలు బాపు కోసం కొన్నవి కావు. నా కోసం కొనుక్కున్నాను. అప్పటికి నా జాకెట్లన్నీ కుట్లు విప్పించి విప్పించి, ఇక విప్పడానికి కుట్టే మిగల్లేదు. బడిలో పిల్లలు నా వెనక ఏమనుకుంటారో నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు పిల్లనే, మా టీచరమ్మలను అంతకన్నా ఎక్కువే అన్నాను.

మహబూబ్‌నగర్‌లో మా వీధి చివర మెడికల్ షాపు ఉంది. షాపతను డాక్టరు చీటీ అడక్కుండానే ఆ గోలీలు ఇచ్చాడు. "తిన్న కొవ్వును ఒంటికి పట్టనియ్యదు మేడం. అట్లనే బయటికి తోలేస్తది. జర నూనె తగ్గించుర్రి, గంతే" అన్నాడు. ఆ 'జర' దగ్గర అతను ఇంకాసేపు ఆగి ఉండాల్సింది. ఎందుకు తగ్గించాలో, తగ్గించకపోతే ఏమవుతుందో నలుగురికీ వినబడేలా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు మహానుభావుడు.

గోలీలు మొదలుపెట్టిన రెండో రోజే స్టాఫ్ రూములో ఎవరిదో పుట్టినరోజు. మిర్చి బజ్జీలు వచ్చాయి. తిన్నాను. ఎన్ని తిన్నానని అడక్కండి. మరునాడు ఏడో తరగతిలో పాఠం చెబుతూ తుమ్మాను. ఆ తుమ్ము గురించి ఇంతకన్నా రాయను. లేత నీలం చీర కట్టుకున్నానని మాత్రం చెబుతాను. బడి విడిచేదాకా కుర్చీలోంచి లేవలేదు. టీచరుకు కోపం వచ్చిందనుకుని పిల్లలు ఆ రోజు దేవుళ్లలా కూర్చున్నారు. ఇంటికొచ్చి గోలీల డబ్బాను ఫ్రిజ్ తలుపులో గుడ్ల వెనక పడేశాను. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది, చెత్తబుట్టలో వేయాల్సింది.

ఎందుకంటే ఆ ఎండాకాలమే బాపు, అమ్మ మా ఇంటికి వచ్చారు. బాపు మోకాళ్లు పోయాయి. అచ్చంపేట దగ్గర మా ఊరు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి బాపు పని ఒకటే, గొర్రెల వెనక నడవడం. మోకాళ్లు మొరాయించాక మంచమెక్కాడు. నడక ఆగింది కాని, నడిచే మనిషి ఆకలి మాత్రం ఆగలేదు. డాక్టరు ఫొటోలు తీయించి చూసి, "రెండు మోకాళ్లూ మార్చాలె తాతా. కాని ఈ బరువు మీద మార్చలేం. పది కిలోలు తగ్గి రా, అప్పుడు చేస్త" అన్నాడు.

మంద అప్పటికి మా చిన్నాయన దగ్గరుంది. ఆయన బాపు తమ్ముడు, ఊళ్లో గొర్రెల బేరగాడు కూడా. ఆయనకూ వయసైపోతోంది. "అన్నా, రెండు మందలు నాతోని కాదు. దసరా దాక చూస్త. నువ్వు లేచి నడుస్త అంటే సరే. లేదంటే నీ మందను అమ్ముడే" అని మొహం మీదే చెప్పేశాడు. ఆ రోజు సాయంత్రం బాపు మా వరండాలో కూర్చుని, "మంద పోయినంక నేనుండి ఏం జెయ్యాలె బిడ్డా?" అన్నాడు. ఎప్పుడూ పరాచికాలాడే మనిషి నోట అట్లాంటి మాట నేను అంతకుముందు వినలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులకు మజ్జిగ కోసం ఫ్రిజ్ తెరిచి, గోలీల డబ్బా పట్టుకుని వచ్చాడు.

"ఏం గోలీలు బిడ్డా గివి?"

"కొవ్వు గోలీలు. నీకెందుకు, అక్కడ పెట్టు."

"కొవ్వు గోలీలంటే?"

"తిన్న కొవ్వు ఒంటికి పట్టకుండ బయటికి పోతదట. నా తిప్పలు నేను పడ్డ. నీకొద్దు."

నేను చెప్పిన దాంట్లో ఆయన చెవికెక్కినవి రెండే మాటలు. కొవ్వు, బయటికి. డాక్టరును అడుగుదాం ఆగు అన్నాను. "పది కిలోలు తగ్గుమన్నడు గని, ఎట్ల తగ్గాల్నో చెప్పిండా ఆయన?" అన్నాడు. నిజమే, చెప్పలేదు. ఆ పూటే అన్నంతో పాటు ఒక గోలీ మింగాడు.

మొదటి ఆదివారం మటన్ తిన్నాడు. సోమవారం పొద్దున బాత్రూములోంచి ఒకటే కేక. పడ్డాడేమోనని పరుగెత్తాను. తలుపు సందులోంచి పంచె బయటికి చాపి చూపిస్తున్నాడు. తెల్లటి పంచె మీద నారింజ రంగు నూనె మరక, అరచేయంత.

"చూడు బిడ్డా! కరుగుతాంది! కొవ్వు కరిగి కారుతాంది!"

"ఛీ, బాపూ! లోపల పెట్టు!"

"ఎందుకు వెట్టాలె? నీ గోలీ మంచిగ పని జేస్తాందే!"

ఆయన లెక్క ఏమిటంటే, గొర్రె కొవ్వును పెనం మీద వేస్తే ఎట్లా కరిగి నూనె కారుతుందో, గోలీ వేడికి తన పొట్టలోని కొవ్వు అట్లాగే కారుతోందని. గొర్రెలు కోసిన చేతులు కదా, కొవ్వు కరగడమంటే ఆయనకు తెలిసింది అదొక్కటే. ఎంత నూనె వస్తే అంత బరువు తగ్గినట్టు. కూరగాయలు తిన్న రోజు మరక పడకపోతే దిగులుపడేవాడు. "ఇయ్యాల ఏం కారలే" అని అన్నం సహించేది కాదు. తలకాయ కూర తిన్న మర్నాడు మాత్రం పండగే. దాంతో ఇంకో సూత్రం కనిపెట్టాడు: లోపలి కొవ్వు కదలాలంటే పైనుంచి కొత్త కొవ్వు పడి తొయ్యాలట!

చిన్నాయనకు ఫోన్ కొట్టాడు. "తమ్మీ, మన మందల మంచిగ బలిసిన పొట్టేలును జూసి కొయ్యి. మందు కోసం." ఆదివారం విడిచి ఆదివారం ఒక పొట్టేలు తెగింది. బాపు వాటా స్టీలు క్యారియర్‌లో బస్సెక్కి మా ఇంటికి వచ్చేది. మిగిలింది అక్కడ చుట్టాలూ వాడకట్టూ దావత్ చేసుకునేవాళ్లు. మా బాపు మోకాళ్ల కోసం ఊరంతా కష్టపడి తిన్నది.

ఇక్కడ నా గాచారం చెప్పాలి. సబ్బులు అరిగిపోయాయి కాని మరకలు పోలేదు. ఉన్న తెల్ల పంచెలన్నీ నారింజ రంగుకు తిరిగాయి. దండెం మీద ఆరేస్తే, "మీ నాన్నగారు దీక్ష తీసుకున్నరా?" అని పక్కింటావిడ భక్తిగా అడిగింది. "అవునమ్మా, పొట్టేలు దీక్ష" అన్నది మా అమ్మ. సోఫా మీద ప్లాస్టిక్ పట్టా పరిచాను. మా ఆయన కింద చాప మీదికి మారి, ఆ రెండు నెలలూ అక్కడే టీవీ చూశాడు. మామగారిని ఏమీ అనలేడు పాపం. అనాల్సినవన్నీ నన్నే అన్నాడు.

ఒక ఆదివారం చిన్నాయన తనే క్యారియర్ పట్టుకుని వచ్చాడు. బాపు ఆయన ముందు అటూ ఇటూ తిరిగి, "ఎట్లున్న? సగమైన గదా?" అన్నాడు. చిన్నాయన మాటలతో నమ్మే మనిషి కాదు. సంతలో గొర్రెను ఎట్లా చూస్తాడో అట్లాగే బాపు చొక్కా పైకెత్తి, పక్కటెముకలు దాటాక నడుము మీద బొటనవేలితో నొక్కాడు. వెన్నెముక తగిలితే గొర్రె బక్కది. తగలకపోతే బలిసింది. నొక్కాడు, ఇంకా గట్టిగా నొక్కాడు.

"అన్నా, ఎముక దొరుకుతలేదు."

"మంచిగ నొక్కు."

"మంచిగనే నొక్కుతున్న. గిసొంటిది సంతల దొరికితె నేను బేరం గూడ ఆడ, అడిగినంత ఇచ్చి తోల్కపోత."

బాపుకు తిక్కరేగింది. "నీ చేతికి అంచనా పోయింది, నువ్వు బేరం మానెయ్" అని తిట్టాడు. అన్నం తినకుండానే చిన్నాయన బస్సెక్కాడు.

ఆ మరుసటి వారం దవాఖానకు పోయాం. బాపు పెళ్లికొడుకులా తయారై, మిగిలిన ఒక్క తెల్ల పంచె కట్టుకుని బరువు మిషన్ ఎక్కాడు. డాక్టరు ఒకసారి చూశాడు. దింపి మళ్లీ ఎక్కించాడు.

"తాతా, మూడు కిలోలు పెరిగినవ్."

"మిషన్ ఖరాబైంది సారూ. కొవ్వంత కారిపోయింది, నా బిడ్డనడుగు."

డాక్టరు నన్నడిగాడు. చెప్పాను. తల పట్టుకున్నాడు, తర్వాత నవ్వాపుకోలేక బల్ల మీదికి వంగిపోయాడు. చివరికి సర్దుకుని, ఆ గోలీ ఒంట్లో ఉన్న కొవ్వును కరిగించదని, తిన్న దాంట్లో కొంత కొవ్వును అరగనివ్వకుండా బయటికి పంపుతుందని, మిగతాది మామూలుగానే ఒంటికి పడుతుందని నిదానంగా చెప్పాడు. డాక్టరుకు చెప్పకుండా ఇట్లాంటివి మింగొద్దని నాకు వేరేగా చివాట్లు పడ్డాయి.

బాపు ఆలోచించాడు. "అంటే సారూ, నా పంచెల మీద కారింది నా కొవ్వు గాదా?"

"కాదు."

"మరి ఎవలిది?"

"పొట్టేలుది."

ఆటోలో ఇంటికి బయల్దేరాం. నాకు నవ్వు లోపల ఉడుకుతోంది, బయటికి రాకుండా పెదవి కొరుక్కుంటున్నాను. క్లాక్ టవర్ దాటాక బాపు చిన్నాయనకు ఫోన్ కలపమన్నాడు. కలిపి స్పీకర్ పెట్టాను.

"తమ్మీ, ఎన్ని గోసినవ్‌రా?"

"నాలుగు పొట్టేళ్లన్నా. పెద్దయి, మంచియి. ఇంగ గిట్లనే తింట పోతె దసరాకు నేను అమ్మే పనే వడదు."

బాపు ఫోన్ నా చేతికిచ్చాడు. "పొట్టేలంటే ఏడాది మేపు బిడ్డా. ఎండకు, వానకు దాని ఎన్కనే ఉంటం. దాని తోలు పారెయ్యం, ఉన్ని పారెయ్యం, ఆఖరికి పెంటిక గూడ పారెయ్యకుంట ఎరువని చెల్కల వోస్తం. గసొంటి నా పొట్టేళ్లను నేను బాత్రూంల పారవోసిన" అన్నాడు. "మంద దక్కాలని మందనే తిన్న." తువ్వాలతో మొహం కప్పుకున్నాడు. అంతసేపు ఆపుకున్న నవ్వు ఎటు పోయిందో, నాకు ఏడుపొచ్చింది. ఆటో అతను అద్దంలోంచి మా ఇద్దర్నీ చూసి, పాపం ఏదో పెద్ద రోగమే చెప్పారనుకుని పాటలు బంద్ చేశాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లోకి మటన్ రాలేదు. గోలీలు నేనే తీసుకెళ్లి షాపతని బల్ల మీద పెట్టి, ఆ 'జర' గురించి ఒక పావుగంట మాట్లాడి వచ్చాను. బాపు డాక్టరు రాసిచ్చినట్టే తిన్నాడు. జొన్న రొట్టె, ఆకుకూర, పచ్చిపులుసు. కుర్చీలో కూర్చుని కాళ్లు ఎత్తి దించే కసరత్తు ఒకటి నేర్పారు, అది చేస్తూ డాక్టరును, నన్ను, తమ్ముణ్ని వరసగా తిట్టేవాడు. ఆదివారం పక్కింటి నుంచి మసాలా వాసన వస్తే టీవీలో వార్తల గొంతు పెంచేవాడు, వాసనకూ చెవులున్నట్టు. ఆయనొక్కడికీ వేరే వండడం ఎందుకని అమ్మ అందరికీ అదే వండింది. అడగలేదు గాని, నా జాకెట్లు కూడా వదులయ్యాయి.

దసరాకు ముందు మళ్లీ మిషన్ ఎక్కాడు. పది పూర్తిగా కాలేదు, కొంచెం తక్కువ. డాక్టరు కాగితాలు తిరగేసి, "సరే తాతా, పండగ కాంగనే వచ్చి దవాఖానల జేరు" అన్నాడు.

పండగ పొద్దున చిన్నాయన ట్రాలీ ఆటోలో దిగాడు, పొట్టేలుతో సహా. గేటుకు కట్టేసి, "అన్నా, డాక్టర్ ఒప్పుకున్నడట గదా. ఇగ ఏం ఫికర్? దసరా పూట ముక్క లేకుంట ఎట్ల? మన మందల మంచిది ఇదే మిగిలింది" అన్నాడు. మా ఆయన అప్పటికే ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. నా నోట్లో నీళ్లు ఊరాయి, అబద్ధమెందుకు.

బాపు గోడ పట్టుకుని లేచాడు. ఒక్కో మెట్టూ దిగి గేటు దాకా వచ్చి, ముడి విప్పి తాడు చిన్నాయన చేతిలో పెట్టాడు.

"కొయ్యకు తమ్మీ. దీన్ని తోల్కపోయి మందల కలుపు. ఎన్క నడిచేటోడు వస్తాండని చెప్పు."

చిన్నాయన పొట్టేలును ఎత్తి మళ్లీ ట్రాలీలో ఎక్కించాడు. ఆ దసరాకు మేం సొరకాయ కూర తిన్నాం.